పదిహేడో గేటు అవతల

సుంకన్నకు చెట్లు నాటడం చేతగాక కాదు. కంప్యూటర్లో రైలు నడిపే ఆట కోసం, నల్లమలలోని పాత మీటరుగేజీ లైనంతా సొంతంగా కట్టుకుంటూ వచ్చాడు. టేకుచెట్లు, వంతెనలు, స్టేషన్లో నీళ్లకుండ, దాని మీద బోర్లించిన గ్లాసు కూడా మరవలేదు. చూసినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. అయితే అదంతా పదిహేడో నంబరు గేటు దాకానే. అవతల ఉత్త పట్టాలు, బూడిదరంగు నేల. రెండేళ్లుగా అక్కడ ఒక్క రాయి కూడా పెట్టలేకపోయాడు.

ఆ గేటు దగ్గర వాళ్ల నాయన ఉన్నాడు. గేట్‌మన్ మద్దిలేటి. మనిషి పోయి నాలుగేళ్లయింది. సుంకన్న ఫొటో చూసి బొమ్మ చేసి, చేతికి పచ్చజెండా ఇచ్చి, వచ్చే బండికేసి చూస్తున్నట్టు పట్టాల పక్కన నిలబెట్టాడు. రోజూ పని నుంచి రాగానే గేటు దాకా బండి నడపడం, బొమ్మ ముందు ఆపడం, అన్నం చల్లారిపోయినా అట్లే చూస్తూ కూర్చోవడం. భార్య చెప్పి చెప్పి విసిగి, బిడ్డను తీసుకొని పుట్టింటికి పోయింది. పోదా మరి?

చివరికి ఖాదర్‌వలీని ఇంటికి పిలిచాడు. ఆ లైనులో ముప్పై ఏళ్లు బండి నడిపిన డ్రైవరు ఆయన. ఏ మలుపులో ఏ చెట్టుందో సుంకన్నకు చెప్పి పెట్టించింది ఆయనే. మాట తక్కువ, బీడీ ఎక్కువ.

"సార్, గేటు అవతల ఏం పెట్టాల్నో తోచడం లేదు. చెయ్యే ఆడదు."

"అవతలికి ఎప్పుడన్నా పోయినావా?"

"యాడ పోయేది సార్? నాయన నిలబడుకోనుండాడు."

ఖాదర్‌వలీ బీడీ ఆర్పి కంప్యూటర్ ముందు కుర్చీలో కూర్చున్నాడు. బండి కదిలించాడు. గేటు కనబడగానే సుంకన్న కుర్చీ వీపు పట్టుకున్నాడు.

"ఆపండి సార్."

ఆయన ఆపలేదు. కూత వేశాడు, గది అదిరేటట్టు. జెండా చూపినవాడికి కూతతో బదులియ్యడం డ్రైవరు మర్యాద. రెండేళ్లలో సుంకన్న ఒక్కసారన్నా కూత వెయ్యలేదు.

బొమ్మ పక్కనుంచే బండి పోయింది. సుంకన్న కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి చుట్టూ బూడిద నేల, పైన ఆకాశం కూడా అదే రంగు. చక్రాల చప్పుడు తప్ప ఏమీ లేదు. భయమేసింది.

"వెనక్కి చూడు," అన్నాడు ఖాదర్‌వలీ.

సుంకన్న ఆటలో చివరి పెట్టె నుంచి వెనక్కి చూపే కెమెరా పెట్టి చూశాడు. గేటు చిన్నదవుతోంది. ఇప్పుడు నాయన వీపు కనబడాలి. ముఖం కనబడింది. జెండా చాచి ఇటే చూస్తున్నాడు.

సుంకన్న తెరకు దగ్గరగా వంగాడు. "సార్, పెట్టిన బొమ్మ దానంతటది తిరగదు. మీరేమన్నా చేసినారా?"

"కూత వేసినా. అంతే."

"మరి ఇటెందుకు చూస్తాండాడు?"

"చివరి పెట్టె క్షేమంగా దాటేదాకా గేట్‌మన్ చూడాల. అంతవరకు ఆయన డ్యూటీ తీరదు." ఖాదర్‌వలీ కుర్చీలోంచి లేచాడు. "రెండేళ్లుగా నువ్వు దాటితివా?"

సుంకన్న కుర్చీలో కూర్చొని, గేటు చుక్కై మాయమయ్యేదాకా బండి పోనిచ్చాడు. తర్వాత ఆపి, ఆ బోడి నేల మీద ఒక టేకుచెట్టు పెట్టి, భార్యకు ఫోన్ చేశాడు.