మగ్గం గుంటలో కటకట

కాలువ పక్క నేతపేటలో భావన్న అనే నేతగాడు ఉండేవాడు. తెగిన పోగును చిటికెలో పట్టేసే కళ్ళున్నా, ఇంట్లో ఏం జరిగినా చూడకుండానే గాలి, ధూళి అని వణికిపోయేవాడు.

అతనికి ఒక కుక్కపిల్ల ఉండేది. నూలు కండెలా ముడుచుకుని పడుకుంటుందని దాన్ని కండె అని పిలిచేవాడు. అదంటే అతనికి ప్రాణం. నేస్తూ తను కొరికిన బెల్లంలో సగం దానికే పెట్టేవాడు.

"దానికి పళ్ళు మారే ఈడయ్యా. ఓసారి నోరు తెరిచి చూడరాదూ? తడిగుడ్డతో తుడిస్తే నీ సొమ్మేం పోయింది?" అనేది భార్య భద్రావతి.

"తోడేళ్ళకు ఎవరు తోముతున్నారే పళ్ళు?" అని భావన్న నవ్వేవాడు.

శ్రావణంలో ముసురు పట్టింది. భద్రావతి చెల్లెలి పురిటికని పుట్టింటికి వెళ్ళింది. ఒకనాడు దీపాలు పెట్టే వేళ, మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంటలోంచి కటకటమని చప్పుడు వచ్చింది. ఎవరో పళ్ళు కొరుకుతున్నట్టుంది. భావన్న గుంటలోకి తొంగి చూడకుండానే వీధరుగు మీదికి పరుగెత్తాడు. నిరుడు చనిపోయిన తండ్రికి అదే అలవాటు. ఆ గుంటలోనే కాళ్ళు పెట్టి, పళ్ళు కొరుకుతూ నేసేవాడు.

తెల్లారి చూస్తే మగ్గం మీది తెల్లచీరకు నెత్తుటి చుక్కలు. గదినిండా కుళ్ళు వాసన. కండె ఆ గుంటలోనే మూల నక్కింది. గంజి ముట్టలేదు.

భావన్న భూతవైద్యుణ్ణి పిలుచుకొచ్చి, తండ్రి అలవాటుతో సహా సంగతంతా చెప్పాడు. అతను గడప కూడా దాటలేదు. "మీ నాన్న ఈ కుక్కను పట్టాడు. మంత్రించిన బెల్లం ఇస్తాను, పెట్టు. అయినా వదలకపోతే కాలువ అవతల పారేసి, వెనక్కి చూడకుండా వచ్చెయ్" అన్నాడు.

భావన్న కళ్ళు మూసుకుని, కండె నోట్లో బలవంతాన బెల్లం కుక్కాడు. చప్పుడు రెట్టింపైంది.

మర్నాడు పొద్దువాలుతుండగా కండెను సంచిలో వేసి గుండెలకు హత్తుకుని, ఏడుస్తూ కాలువ వంతెన ఎక్కాడు. చుట్టూ పురుగు కూడా లేదు. అప్పుడు కటకట... సరిగ్గా అతని గుండెల దగ్గర!

"వదిలెయ్ నాన్నా, నీకు దణ్ణం పెడతాను!" అని అరిచాడు.

సంచిలోంచి కండె తల బయటపెట్టింది. అతని అరచేతిలో గడ్డం ఆనించింది. చెయ్యి తడిసింది. నెత్తురు! కుళ్ళు వాసన కూడా అక్కడినుంచే. భావన్న మొదటిసారి దాని నోరు తెరిచి లోపలికి చూశాడు. కొత్త కోరపక్కనే పాలపన్ను ఊడకుండా ఉండిపోయింది. రెంటిమధ్యా మగ్గం దగ్గర నమిలిన నూలు చుట్టుకుంది, బెల్లం ఇరుక్కుంది, చిగుళ్ళకు చీముపట్టింది. నొప్పికి దవడ వణికి పళ్ళు కొట్టుకున్నాయి. కటకట.

"నా తల్లీ! నిన్నా నేను పారెయ్యబోయింది!" అని భావన్న పశువుల డాక్టరు ఇంటికి పరుగెత్తాడు.

డాక్టరు పాలపన్ను తీశాడు. కొత్త కోర కూడా పాడైంది, అదీ పోయింది. "ఇంకా ఆలస్యమైతే ప్రాణమే పోయేది. బెల్లం మానెయ్. రోజూ మెత్తటి గుడ్డతో పళ్ళు తుడువు" అన్నాడు.

అప్పటినుంచి భావన్న కండె పళ్ళు తుడిచాకే మగ్గం ఎక్కేవాడు. కోర పోయిన సందు వేలికి తగిలినప్పుడల్లా అతని కళ్ళు చెమ్మగిల్లేవి.

నీతి: కనిపించని దయ్యానికి భయపడేవాడికి కళ్ళెదుటి బాధ కనిపించదు, మనల్ని నమ్ముకున్న నోరులేని జీవికి ఏమైందో ముందు మనమే దగ్గరికి తీసుకుని చూడాలి.