చేపల తొట్టికి ఏకాదశి

సాయంత్రం. బయట ముసురు. దుప్పటి కప్పుకుని ఊఁ కొట్టు తల్లీ.

అనగా అనగా నరసాపురంలో ఒక ఇల్లు, ఆ ఇంటి హాల్లో ఒక గాజుతొట్టి, ఆ తొట్టిలో ఐదు చేపలు. అవి ఆ ఇంటి పిల్ల మంజరివి.

ఒకనాడు మంజరి సెలవులకి పిన్ని వాళ్ళింటికి బయల్దేరింది. గుమ్మంలో ఆగి, "అమ్మా, నేనొచ్చేసరికి ఒక్క చేప తగ్గినా ఈ ఇంట్లో అన్నం ముట్టను" అంది.

వాళ్ళమ్మ హైమావతికి గుండె గుభేలుమంది. ఆ ఇల్లు అలాంటిది మరి. తిట్టినా పడతారు, అలిగినా పడతారు. అన్నం మానేస్తానంటే మాత్రం అమ్మా, నాన్నా, నానమ్మా ముగ్గురికీ కాళ్ళూచేతులూ ఆడవు.

పిల్ల అటు వెళ్ళిందో లేదో, ఇటు తొట్టిలో నీళ్ళు కుడితిలా అయ్యాయి. ఓ తోక ఇటు, ఓ మూతి అటు. అంతే కనబడేది.

అప్పుడు హైమావతి ఆ నీళ్ళన్నీ తోడి పారబోసి, ముందురోజు బిందెల్లో పట్టి ఉంచిన నీళ్ళు పోసింది. తెల్లారేసరికి మళ్ళీ కుడితే.

ఆ తర్వాత వాళ్ళత్తగారు మాణిక్యాంబ వచ్చింది. "గోదారికి ఎర్రనీళ్ళొస్తే బిందెలో పటిక తిప్పుకోమూ? ఇదీ అంతే. తిప్పమ్మాయ్" అంది. హైమావతి తిప్పింది. నీళ్ళు కాస్త తేరాయి. చేపలు మాత్రం పైకొచ్చి నోళ్ళు తెరిచాయి. పెద్ద నల్లచేప ఓ పక్కకి ఒరిగింది.

"యోగాసనం వేస్తోందేమోనే" అన్నాడు కామేశం. ఆయన మంజరి నాన్న.

"మీరు ఊరుకోండి!" అంది హైమావతి. ఐదింటినీ ఒక్కొక్కటిగా పట్టి, మంచినీళ్ళు పోసిన స్టీలు గుండిగలోకి దింపింది.

అప్పుడు తొట్టి అడుగంటా ఖాళీ చేసి, గులకరాళ్ళు కదిపింది. గుప్పుమని వాసన! రాళ్ళ కింద చూస్తే ఓ పెళ్ళి విందు కుళ్ళుతోంది.

"అత్తయ్యగారూ, ఈ మెతుకులు?"

"నేనే వేశాను. కాకికి పెట్టి, చేపకి పెట్టకుండా నాకు ముద్ద దిగుతుందటమ్మా? గాజుకి మూతులానించి అలా చూస్తుంటేనూ!"

"ఏమండీ, ఈ బూందీ?"

కామేశం కళ్ళజోడు తుడుచుకున్నాడు. "కారం లేనివి ఏరి మరీ వేశానే."

"మరి ఈ మేత గింజలు గుప్పిళ్ళకొద్దీ ఉన్నాయి, ఎవరివో?" అంది మాణిక్యాంబ.

హైమావతి గబగబా ఆ గింజలు ఎత్తి పారబోసింది. అవి తనవే. పొద్దున ఓసారి, మధ్యాహ్నం ఓసారి, పడుకోబోతూ బెంగ కొద్దీ ఇంకోసారి.

"తినగా మిగిలింది కుళ్ళి నీళ్ళు పాడయ్యాయి. ఇక ఎవరూ ఏమీ వెయ్యకూడదు" అంది చివరికి.

"నోరులేని జీవాల్ని పస్తు పెడతావా? నా కంఠంలో ప్రాణముండగా వీల్లేదు!" అంది మాణిక్యాంబ.

హైమావతి గోడమీద క్యాలెండరు చూసింది. "రేపు ఏకాదశి, అత్తయ్యగారూ."

మాణిక్యాంబ గతుక్కుమంది. "అయ్యో, ముందే చెప్పవేం! ఏకాదశినాడు వాటికి మెతుకు పెడితే పాపం నాకు కాదూ?"

"ద్వాదశి పారణో?" అన్నాడు కామేశం.

"నేను పెడతాను. ఆవగింజంత" అంది హైమావతి.

ఆ తర్వాత తొట్టీ రాళ్ళూ ఉత్తనీళ్ళతో కడిగి, తేట నీళ్ళు పోసి, చేపల్ని వదిలింది. రోజూ నాలుగు చెంబులు తీయడం, నాలుగు చెంబులు పోయడం. చేపలు మూతులానించినప్పుడల్లా మాణిక్యాంబ జపమాల పట్టుకుని అటు తిరిగి కూర్చునేది. కామేశం బూందీ డబ్బా తెరిచినప్పుడల్లా హైమావతి దగ్గేది. పాపం, ఆయనే నోట్లో వేసుకునేవాడు.

నీళ్ళు మళ్ళీ మసకేశాయి. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కానీ ఈసారి ఎవరూ పటిక తిప్పలేదు, నీళ్ళన్నీ పారబొయ్యలేదు. హైమావతి పళ్ళబిగువున ఆగింది. అప్పుడు ఆ కుడితి బియ్యం కడుగైంది, బియ్యం కడుగు మజ్జిగతేటైంది, మజ్జిగతేట నీళ్ళైంది.

మంజరి వచ్చే రోజు జోరువాన. బస్సు ఎంతకీ రాదు. హైమావతి కాలుగాలిన పిల్లిలా గుమ్మానికీ తొట్టికీ మధ్య తిరిగింది. తిరిగి తిరిగి, తొట్టి ముందు కూర్చుని లెక్కపెట్టింది.

"ఒకటి. రెండు. మూడు. నాలుగు."

ఐదోది లేదు. ఆవిడ గాజుకి మొహం ఆనించి వెతికింది. అప్పుడు రాయి చాటునుంచి నల్లచేప తాపీగా తోకాడిస్తూ వచ్చింది.

"ఐదు" అంది హైమావతి.

వెనక గేటు చప్పుడైంది. తడిసి ముద్దై, చెప్పులు చేత్తో పట్టుకుని, గుమ్మంలో మంజరి.

"ఆరు" అంది హైమావతి. అప్పుడు ఊపిరి వదిలింది.

చేపలు నీళ్ళకి, నిద్ర నీ కళ్ళకి.
కథ వెళ్ళె కంచికి, మనమిక మంచానికి.