పేరిందేవికి ముడిపడని తోరము

పీటల మీద సర్దుకొని కూర్చుండుడు. అక్షతలు కుడిచేత పట్టలేనివారు ఎడమచేతనే పట్టుకొనుడు. ఈ వ్రతమునకు ఆ దోషము లేదు.

పూర్వము ఏకాంత మహర్షి శ్రుతశీల మహర్షిని చూచి, పలుకరించు దిక్కులేని ఇంట దుఃఖము తీర్చు వ్రతమేదియని అడిగెను. అందులకు శ్రుతశీలుడు సాక్షిగౌరీ వ్రతమును, దానిని ఆచరించిన పేరిందేవి కథను ఇట్లు చెప్పెను.

గోదావరి సీమలో రైలుగేటు దాపున పేరిందేవి అను స్త్రీ బట్టలు కుట్టి బ్రతుకుచుండెను. భర్త గతించెను, బిడ్డలు లేరు. కుట్టుమిషను చప్పుడే ఆ ఇంట మాట. ఒకనాడు బస్సు తలుపులో కుడిచేయి నలిగి వేళ్లు ముడుచుకొనిపోయెను. కత్తెర పట్టుటకు లేదు, సూదిలో దారమెక్కించుటకు లేదు. ఏటేటా కట్టిన అంగవైకల్య బీమా ఉన్నదిగదా యని అర్జీ పెట్టుకొనెను.

విచారణకు బీమా సంస్థవారి అధికారి వచ్చెను. ఆరు నెలలుగా ఆ గడప తొక్కిన మొదటి మనిషి ఆయనయే. పేరిందేవి పొంగిపోయి కాఫీ పెట్టెను. అతిథికి ఎడమచేత ఇచ్చుట మర్యాద కాదని పళ్లు బిగబట్టి కుడిచేతనే గ్లాసందించెను. ఆయన కాఫీ బాగున్నదని మెచ్చుకొని పోయి, ఈమె కుడిచేత వస్తువులు పట్టుచున్నది, పని చేయగలదని వ్రాసెను. అర్జీ త్రోసివేసితిమని ఉత్తరము వచ్చెను. కాఫీ మెచ్చుకొన్న మనిషి ఇట్లు వ్రాసెనేమని ఆమె ఆ పూటంతయు ఏడ్చెను.

వినియోగదారుల కోర్టుకు పోవుటకు రెండేండ్ల గడువున్నది. పోయినచో, నాకు చేతకాదని నలుగురిలో చెప్పవలెను. వీధి వీధంతటికి రవికెలు కుట్టిన మనిషికి ఆ మాట ఎట్లు వచ్చును? ఉత్తరమును గౌరీదేవి పటము వెనుక దాచెను.

ఏడాది తిరిగి వచ్చిన శ్రావణమున తలుపు మూసుకొని వ్రతము చేసెను. కథ తానే చదివి తానే వినెను. తోరము కట్టుకొనబోగా ఎడమచేతికి, పంటికి అది చిక్కలేదు. పిలిచినచో పొరుగింటి నూకరత్నము వచ్చును, కాని పిలువలేదు. తోరము పీట మీదనే ఎండెను. ఆ యేడు మిషను తుప్పుపట్టెను, వచ్చెడి గుడ్డలు వేరొక ఇంటికి పోయెను, మాటాడక మాటాడక తన గొంతు తనకే కొత్తయ్యెను.

మరుసటి శ్రావణము వచ్చెను. గడువిక ఇరువది దినములు. మరల తోరము జారెను. ఇంత బింకమెందుకే నీకని తన్ను తానే తిట్టుకొని, తలుపు తీసి నూకరత్నమును పిలిచెను.

"రత్నం, ఈ తోరం కాస్త కట్టిపెడతావా? నాకు చేతకావట్లేదే."

ఆ మాట అనగానే దుఃఖము ఆగలేదు. నూకరత్నము తొమ్మిది ముళ్ల తోరము కట్టి, పేరిందేవి పటము వెనుకనుండి తీసి ఇచ్చిన ఉత్తరము చదివి, కాఫీ సంగతి విని మండిపడెను.

"గ్లాసు పట్టుకుంటే జాకెట్టు కుట్టేసినట్టేనా? అయినా ఆయనకి కుడిచేత్తో ఎందుకిచ్చేవొదినా?"

"ఇంటికొచ్చినోళ్లకి ఎడంచేత్తో ఎలా ఇస్తామే?"

"ఆ మాటే కోర్టులో చెప్పు. నీ చెయ్యి సంగతి నేను చెప్తాను."

పేరిందేవి మూడు దినములు ఆలోచించెను. ఓడినచో నలుగురు నవ్వుదురని భయపడెను. ఊరకున్నచో ఈ నొప్పి ఉన్నదని తనకు తప్ప ఎవరికిని తెలియకుండపోవునని అంతకంటె భయపడెను. నాలుగవ నాడు కోర్టుకు పోయి, గుమాస్తాకు ఫిర్యాదును ఎడమచేతనే అందించెను. ఏమనుకోకండి అనలేదు.

తీర్పు వచ్చుటకు మరి రెండు శ్రావణములు పట్టెను. నూకరత్నము ప్రతి వాయిదాకును వెంటపోయి సాక్ష్యము చెప్పెను. సంస్థవారు బీమా ఇచ్చిరి. వేళ్లు మాత్రము చాపుటకు రాలేదు.

కావున ఓ మునీంద్రా! ఒంటిగా వండుకొని తినువారు, కాదన్న ఉత్తరమును దాచుకొన్నవారు, ఎట్లున్నారన్న బాగున్నామని చెప్పి తలుపు వేసికొనువారు ఈ వ్రతము చేయవలెను. చేసినవారికి గడువు దాటదు, రావలసినది చేతికి వచ్చును. వచ్చులోపల పక్కన ఒకరు కూర్చుందురు.

అక్షతలు వేయుడు. ఎవరి తోరము వారు కట్టుకొనరాదు, పక్కవారి చేయి అందుకొనుడు.

ముందు నాది కట్టవే, రత్నం.