పడినవారు: సున్నా

మధ్యాహ్నం మూడు గంటలు. సన్నగా వాన పడుతోంది.

దర్గా వెనక వృద్ధుల సంరక్షణ కేంద్రం ఉంది. అయిదుగురు ఉంటారు. దాన్ని పెట్టింది మా గురువు, బాబా. నేను హుసేన్‌బీని, ఇద్దరు పిల్లల తల్లిని, ఆయన శిష్యురాలిని. అక్కడ సేవ ఎలా జరుగుతోందో చూసి నెలనెలా కమిటీకి రాసి పంపడం నా పని.

ఆ రోజు రిజిస్టరు బాబా ముందు పెట్టాను.

"మూడు నెలలుగా ఒక్కరూ పడలేదు బాబా. కమిటీవాళ్ళు మెచ్చుకున్నారు."

"ఏం చేశావు?"

"మంచాలకి రెండు వైపులా కమ్మీలు పెట్టించాను. ఎవరినీ దిగనివ్వడం లేదు."

బాబా లేచి వెళ్ళి పుల్లమ్మవ్వ మంచం కమ్మీ దించారు.

"అవ్వా, టీ తాగొద్దాం, రా."

"ఈ మహాతల్లి పోనిస్తేగా! దూడను కట్టేసినట్టు కట్టేసింది."

దిగబోయింది. కాళ్ళు నిలవలేదు. మూడు నెలల కిందట తన ట్రంకుపెట్టె తనే మోసుకొచ్చిన మనిషి.

బాబా భుజం ఇచ్చారు. మిగతా నాలుగు మంచాల కమ్మీలూ దించేశారు. ఇద్దరు ఆయాలు తలో ఇద్దరిని పట్టుకున్నారు.

నాకు ఒళ్ళు మండింది.

"బయటంతా బురద బాబా! ఎవరైనా పడితే జవాబు చెప్పాల్సింది నేను. ఎన్నిసార్లు చెప్పినా వినరేం?"

"పడితే రాయి."

టీ బంకు గేటుకి ఎదురుగానే ఉంది. ఇరవై అడుగులకి పావుగంట పట్టింది. నేను గేటు పట్టుకుని నిలబడ్డాను.

తిరిగొచ్చేటప్పుడు బాబా కాలు జారింది. ఒక ఆయా తన ఇద్దరినీ గోడకి ఆనించి పరుగున వచ్చి అవ్వను పొదివి పట్టుకుంది. ఆయన మాత్రం బురదలో కూలబడ్డారు.

"నన్ను పట్టుకుంటానని నువ్వే పడ్డావా స్వామీ!" అవ్వ పగలబడి నవ్వింది. అంతకుముందు మూడు నెలల్లో ఆమె నవ్వడం నేను వినలేదు.

బాబా కూర్చున్నచోటి నుంచే కేకేశారు.

"హుసేన్‌బీ! రాసుకో. ఒకటి."

నేను రిజిస్టరు తీయలేదు. గేటు బార్లా తెరిచాను.

దావీదు తాత వచ్చాడు. కాశింబీ. నరసమ్మ. సుబ్బన్న. ఆయా చెయ్యి పట్టుకుని, ఒక్కో అడుగే వేసుకుంటూ పుల్లమ్మవ్వ.

అయిదుగురు.

కుంటుకుంటూ బాబా. ఆరు.