మొగలప్ప ఎత్తిన కాలు

ఒకప్పుడు చెట్లకి కాళ్ళుండేవి. ఉండడమే కాదు, అవి ఒకచోట కుదురుగా నిలబడేవి కావు. ఎండ ముదిరితే కొండెక్కేవి. చలి ముదిరితే సముద్రపొడ్డుకి దిగేవి. చింతచెట్టు చుట్టపుచూపుకి పోయేది. వేపచెట్టు అలిగి పొరుగూరు పోయేది.

బాధంతా పక్షులది. పొద్దున్న గూట్లో గుడ్లు పెట్టి, మేతకి పోయి, సాయంత్రం తిరిగొస్తే ఇల్లుండేది కాదు. "మా ఇల్లు ఇటుగా పోతుంటే చూశారా?" అని కనబడ్డవాళ్ళనల్లా అడుక్కుంటూ తిరిగేవి. ఇంక ఓపిక లేక అన్నీ కలిసి నేలతల్లి దగ్గర మొరపెట్టుకున్నాయి.

నేలతల్లి చాటింపు వేయించింది.

"మృగశిర కార్తె తొలి చినుకు పడేవేళకి ఎవరికి ఎక్కడ ఇష్టమో అక్కడ నిలబడండి. చినుకు పడ్డాక కదలడానికి లేదు. కాళ్ళు నేలలో దిగి వేళ్ళవుతాయి. దిగని కాలు ఎండిపోతుంది. కాళ్ళన్నీ ఎండితే చెట్టే ఎండిపోతుంది. తర్వాత నన్ననకండి."

కొబ్బరి ఆ సాయంత్రమే ఒడ్డున చోటు చూసుకుంది. వెదురు కొండవాలు పట్టేసింది. చింత ఊరి మధ్యన చతికిలబడి, "నాకు పిల్లలు కావాలి. రాళ్ళు వేసినా పరవాలేదు" అంది. ఎవరి చోటు వాళ్ళకి కుదిరింది.

కుదరనిది ఒక్క మొగలప్పకే.

మొగలప్ప అంటే మొగలిచెట్టు. అప్పట్లో దానికి పువ్వు లేదు. వయసులో అందరికీ పెద్ద. అందుకని చిన్నా పెద్దా అందరూ అక్కని పిలిచినట్టు అప్పా అనేవారు. అనకపోతే ఊరుకునేది కాదు.

మొగలప్ప పట్టింపులు ఇన్నీ అన్నీ కావు. తనని ఎవరు ఎక్కడికి పిలవాలన్నా గుమ్మం దాకా రావాలి. వచ్చి బొట్టు పెట్టి పిలవాలి. నోటిమాట పిలుపు పిలుపు కాదు. ఇంకొకరి చేత కబురంపితే అది పిలుపు కాదు సరికదా, తిట్టు.

ఎవరైనా మర్యాద తప్పితే మొగలప్ప అరిచేది కాదు, పోట్లాడేది కాదు. నిమ్మళంగా ఇంటికొచ్చి, ఆకు అంచున ఒక ముల్లు మొలిపించుకునేది. రాసి పెట్టుకుందామంటే చదువు రాదాయె. అందుకని ఒక తప్పుకి ఒక ముల్లు. "లేకపోతే మరిచిపోతాను" అనేది. మరిచిపోవడమంటే మొగలప్పకి అంత భయం.

ఆ ఊరికి ఒకపక్క కొండ, ఒకపక్క సముద్రం. మధ్యన ఇసక దిబ్బలు. దూరం ఎంతనుకున్నారు? నాలుగు తాటిముంజెలు తింటూ నడిస్తే, చెయ్యి కడుక్కోవడానికి సముద్రం వచ్చేసేటంత.

మొగలప్ప ముందు కొండ దగ్గరకి వెళ్ళింది.

"రా అప్పా" అంది కొండ. "చల్లగా ఉంటుంది. ఊట నీళ్ళున్నాయి. ఉండిపో."

"ఇది పిలుపా?" అంది మొగలప్ప. "కూర్చున్నచోటు నుంచి లేవకుండా పిలిస్తే పిలుపా? నా గుమ్మం దాకా వచ్చి బొట్టు పెట్టు, అప్పుడు చూద్దాం."

కొండ చాలాసేపు ఆలోచించింది. కొండలు ఏదైనా చాలాసేపే ఆలోచిస్తాయి. "నేను లేచి వస్తే నా ఒళ్ళో ఉన్న పల్లెలు ఏమైపోతాయప్పా?" అంది.

"మర్యాద చెయ్యడం ఇష్టంలేనివాళ్ళకి ఇలాంటివి వంద దొరుకుతాయి" అంది మొగలప్ప. ఆకు అంచున ఒక ముల్లు మొలిచింది.

ఇంతలో వెదురు వంగి తొంగి చూసింది. "ఓలప్పా! వొచ్చీసేవా? రా రా, నా పక్కన బోలెడు చోటుంది."

మొగలప్ప మొహం అటు తిప్పుకుంది.

"ఏటప్పా, ఇంకా ఆ కోపమేనా?"

"నాకేటి కోపం? మీ పూత పేరంటానికి కాకి చేత కబురంపించారని నేనెప్పుడైనా అన్నానా?"

"ఇప్పుడన్నావు కదా! అయినా అది మా అమ్మ పూసినప్పటి సంగతి. అప్పటికి నేను మొలవనే లేదప్పా."

"నువ్వు మొలవకపోతే తప్పు తప్పు కాకుండా పోతుందా?" అంది మొగలప్ప. అని, గిరుక్కున తిరిగి, కొండ దిగిపోయింది. దిగుతుంటే మాత్రం ఆ ఊట చప్పుడు వినబడి ఒక్కసారి వెనక్కి చూసింది. ఎవరూ చూడలేదు కదా అని చుట్టూ కూడా చూసింది.

ఒడ్డుకి చేరేసరికి సముద్రం ఎదురు పరిగెత్తుకొచ్చింది. "అప్పా, వస్తున్నా, వస్తున్నా!" అంటూ కాలి దాకా వచ్చి, జర్రున వెనక్కి పోయింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ పోయింది.

"సగం దారి వచ్చి వెనక్కి తిరిగే పిలుపేటి పిలుపు?" అంది మొగలప్ప.

"ఇంకా ముందుకొస్తే ఊళ్ళు మునుగుతాయప్పా."

"అదేటో, నన్ను పిలవాలంటేనే అందరికీ ఊళ్ళు గుర్తొస్తాయి. సరే, బొట్టయినా పెట్టు."

సముద్రం సరదా మనిషి. ఎక్కడినుంచో ఎర్రమట్టి తెచ్చి, ఒక అలతో ఎగిరి మొగలప్ప నుదుటన చక్కగా బొట్టు పెట్టింది. మొగలప్ప మొహం ఇంత వెడల్పయింది. "ఆఁ, ఇది మర్యాద" అనబోతుండగా వెనకనే రెండో అల వచ్చి బొట్టు తుడిచిపెట్టుకుపోయింది.

"హవ్వ! పెట్టిన బొట్టు చెరిపేస్తావా!"

"కావాలని కాదప్పా, నా చెయ్యి ఊరుకోదు..."

రెండు ముళ్ళు మొలిచాయి. ఒకటి బొట్టు చెరిపినందుకు. ఒకటి కాళ్ళు తడిపినందుకు.

అక్కడే ఇసకలో ఒక పీత కన్నం తవ్వుకుంటోంది. తల బయటపెట్టి, "అప్పా, మబ్బు చూస్తే రేపోమాపో చినుకు పడేలా ఉంది. ఎక్కడో ఒకచోట నిలబడరాదూ?" అంది.

"నిన్నెవరడిగారు?"

"ఎవరూ అడగలేదు. నన్నెవరూ ఏదీ అడగరు. అందుకే నేనే చెప్పేస్తుంటాను."

"చోటుదేముందే? ఎక్కడైనా దొరుకుతుంది. మర్యాద తెలిసినవాళ్ళ మధ్య ఉండాలి."

"మర్యాద చూస్తూ కూచుంటే కూచునే చోటు పోతుందప్పా" అని, పీత కన్నంలోకి దూరిపోయింది. పీతకీ ఒక ముల్లు పడింది.

ఆ రోజునుంచీ మొగలప్పకి ఒకటే నడక. కొండ మీదికెళ్తే చలిగాలికి మోకాళ్ళు పట్టేసేవి. కింద సముద్రం తళతళలాడుతూ కనబడేది. "ఒడ్డునే నయం" అని దిగొచ్చేది. ఒడ్డుకొస్తే ఇసక కాలేది, ఉప్పుగాలి కళ్ళు మండించేది. పైన కొండ పచ్చగా కనబడేది. "కొండే నయం" అని ఎక్కేది. ఏ పక్కనుంటే ఆ పక్క తప్పులు కనబడేవి. అవతలి పక్క తప్పులు మాత్రం దూరానికి కంటికి ఆనేవి కావు.

నడిచి నడిచి దిబ్బల మీద బాట పడిపోయింది.

"అప్పా, ఇది తొమ్మిదోసారా, పదోసారా?" అని పీత అడిగేది.

"చోటు కోసం కాదే. ఊరికే, కాళ్ళు సాగదీసుకోడానికి" అనేది మొగలప్ప.

ఆ మాట పీత నమ్మలేదు. నిజానికి మొగలప్ప కూడా నమ్మలేదు. నడుస్తూ నడుస్తూ తనని తనే తిట్టుకునేది. "ఓసి ముసలిదానా, అన్నీ కాచి వడబోసినట్టు మాట్లాడతావు, నిలబడడానికి జానెడు చోటు తేల్చుకోలేవు. ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని, ఉండిపో అప్పా, అంటే చాలు, ఉండిపోతావు. అంత లోకువ నువ్వు! కానీ చెయ్యి ఎలా పట్టుకుంటారే? ఒళ్ళంతా ముళ్ళు పెట్టుకుని కూచున్నావు."

ఇలా తిట్టుకుని, బుద్ధి తెచ్చుకుందా? లేదు. తనని తిట్టినందుకు తన మీదే ఒక ముల్లు మొలిపించుకుంది.

మృగశిర కార్తె వచ్చింది. ఒక మధ్యాహ్నం సముద్రం మీద నల్లటి మబ్బు లేచింది. చెట్లన్నీ తమ తమ చోట్లలో కాళ్ళు ఊన్చుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డాయి.

మొగలప్ప ఒడ్డున ఉంది. "అప్పా! ఇక్కడే ఉండు! కదలకు!" అని పీత కేకేసింది.

"పీత చెబితే ఉండిపోవాలా నేను?" అనుకుని మొగలప్ప కొండవైపు నడిచింది. సగం దూరం, దిబ్బ మీదికి వచ్చింది. అక్కడ ఒక అనుమానం వచ్చింది. "ఇంత తిరిగి చివరికి వెదురు పక్కకే చేరానని అది నవ్వితే?" వెనక్కి తిరిగింది. మళ్ళీ అనుమానం. "ఒడ్డుకెళ్తే పీత నవ్వితే?" మళ్ళీ ఇటు తిరిగింది.

ఈ తిరగడంలో ఈ ఆకు ముల్లు ఆ ఆకుకి పట్టుకుంది, ఆ ఆకు ముల్లు కాలికి పట్టుకుంది. మొగలప్పకి కాళ్ళు బోలెడు. కంగారులో అన్నీ ఒక్కసారే ఎత్తింది. వేళ్ళ కొసలు మాత్రం ఇసకకి ఆని ఉన్నాయి.

సరిగ్గా అప్పుడు, నుదుటి మీద టప్పున చినుకు పడింది.

అంతే. ఎక్కడివాళ్ళక్కడ నాటుకుపోయారు. మొగలప్ప మాత్రం ఎత్తిన కాళ్ళు ఎత్తినట్టే ఉండిపోయింది.

ఆ చినుకులైనా ఎంతసేపు? మబ్బు తేలిపోయి ఎండ కాసింది. కాలికొసల కింద ఇసక జారిపోతోంది. ఒక కాలు ఎండడం మొదలైంది. చిటపటమంది.

పిలవాలి. ఎవరినో ఒకరిని సాయానికి పిలవాలి. కానీ ఎలా? ఎవరి గుమ్మానికీ వెళ్ళలేదు, ఎవరికీ బొట్టు పెట్టలేదు. నోటిమాట పిలుపు పిలుపే కాదని ఇన్నాళ్ళూ ఊరంతా చెప్పింది ఎవరు? తనే. మొగలప్ప పళ్ళు బిగించుకుని ఊరుకుంది.

ఒక కాలు ఎండిపోయింది. రెండోది చిటపటమంది.

"ఓలమ్మో! ఎవరైనా రండర్రా! నేను చచ్చిపోతన్నాను!"

ముందు పీత వచ్చింది. దాని వెనక వాళ్ళ అక్కచెల్లెళ్ళు, పిల్లలు, చుట్టాలు, ఒడ్డున ఉన్న పీతలన్నీ వచ్చాయి. గబగబా ఇసక తవ్వి మొగలప్ప కాలికొసల మీదికి ఎగజిమ్మడం మొదలుపెట్టాయి. సముద్రం ఊళ్ళు మునగకుండా చూసుకుంటూనే, ఒక పెద్ద అలతో తడి ఇసక దిబ్బ కిందికి తోసింది. కొండ లేవలేదు, కానీ ఊటనీళ్ళకి వదులైన తన మట్టిని కొండవాగు గెడ్డలో దించి పంపింది. వెదురు గాలిని బతిమాలి తన ఎండుటాకులు ఎగరేసి, వేళ్ళ మీద నీడ కప్పించింది.

పొద్దు వాలేసరికి మొగలప్ప కాలికొసలు నేలలో దిగాయి. కొసలే దిగాయి. పైన కాళ్ళు అలాగే గాల్లో ఉండిపోయాయి. అయినా ప్రాణం నిలిచింది.

"బొట్టు పెట్టి పిలవలేదే మిమ్మల్ని. ఎందుకొచ్చారర్రా?" అంది మొగలప్ప.

"ప్రాణం మీదికొచ్చినవాళ్ళు కుంకంభరిణ వెతుక్కుంటారేటప్పా?" అంది పీత.

మొగలప్ప తల వంచుకుంది. "ఉండు. ముందు వెదురు మీద పెట్టుకున్న ముల్లు తీసేస్తాను" అని ఆకు మొహం దగ్గరకి తెచ్చుకుంది. "ఇదీ... కాదు, ఇది కొండది. కాదే, కొండది పైన కదా. ఇది అల తడిపినందుకా? మరి బొట్టుది ఏది? ఏమే పీతా, ఇది దేనికే?"

"నన్నడుగుతావేటప్పా? నా ముల్లేదో నాకు తెలీదు."

మొగలప్ప ఆ ఆకు చూసింది, ఈ ఆకు చూసింది. వందల ముళ్ళు. ఒక్కటీ ఎవరిదో గుర్తులేదు. మరిచిపోకూడదని పెట్టుకున్నవి! కోపం మాత్రం వరసగా, పదునుగా, అన్ని అంచులా ఉంది. ఎవరి మీదో, ఎందుకో, ఆ భోగట్టా మాత్రం లేదు.

మొగలప్పకి నవ్వొచ్చింది. ముందు ఆపుకుంది, ముసలిదాన్ని నవ్వేటని. ఆగలేదు. నవ్వి నవ్వి ఆకులన్నీ గలగలలాడాయి. కాళ్ళన్నీ ఊగాయి. ఊగి ఊగి, ఆకుల నడుమ బిగించుకున్న చోటేదో విచ్చుకుంది. తెల్లగా, పసుప్పచ్చగా ఒక పువ్వు పొత్తి బయటికొచ్చింది. దాని వాసన గుప్పుమని దిబ్బ దిగి ఒడ్డు దాకా వెళ్ళింది, వాలెక్కి కొండ దాకా వెళ్ళింది.

"అప్పా, పిలిచేవా?" అని వెదురు అక్కడినుంచే అరిచింది.

"పిలిచానే!" అంది మొగలప్ప. "నేనింక మీ గుమ్మం దాకా రాలేను. ఇదే నా బొట్టనుకో."

పీత ముచ్చటపడి, "అయితే అప్పా, ఈ ముళ్ళన్నీ విరిచేద్దామా?" అని ఒకదాని మీద చెయ్యేసింది.

"ముట్టుకున్నావంటే చంపేస్తాను!" అంది మొగలప్ప. "ఎంత కష్టపడి మొలిపించుకున్నాననుకున్నావు! ఉండనీ. ఏదో ఒకరోజు గుర్తొస్తాయి."

అప్పటినుంచే మొగలిచెట్టు కొండా ఎక్కకుండా, నీళ్ళల్లోకీ దిగకుండా, ఒడ్డు దిబ్బల మీద కాళ్ళెత్తి, ఇప్పుడే ఎటో బయల్దేరబోతున్నట్టు నిలబడి ఉంటుంది. అప్పటినుంచే మొగలి పూసిందంటే, ఎవరూ వచ్చి చెప్పక్కర్లేకుండా ఊరందరికీ తెలిసిపోతుంది. రేకు కోసం వెళ్ళినవాళ్ళకి వేలికి ముల్లూ గుచ్చుకుంటుంది. గుచ్చుకుంటే ఏడవకండి. ఆ కోపం మీ మీద కాదు. ఎవరి మీదో మొగలప్పకే ఇంకా గుర్తు రాలేదు.