రెండు గంపల దసలి పురుగులు

చిదంబరయ్యగారు ఎవరితోనూ వాదించేవారు కాదు. ఏదైనా అడిగితే చేతికొక పని ఇచ్చేవారు. గోదావరి పక్క అడవిలో, నల్లమద్ది చెట్ల మీద దసలి పట్టుపురుగులు పెంచుకుంటూ బతికిన మనిషి ఆయన. మా అమ్మమ్మ అనసూయకు మంత్రం ఉపదేశించిన గురువు.

పెళ్ళైన ఏడో ఏట అమ్మమ్మ బట్టల మూటతో ఆయన ఇంటికి వచ్చేసింది. మా అమ్మ అప్పటికింకా పుట్టలేదు.

“పూజకు కూసోమంటే, ‘దేవుణ్ణి నువ్వు చూసుకో, నిన్ను నేను చూసుకుంట’ అంటడయ్యా మా ఆయన. నాకూ ఆయనకూ పొత్తు ఎట్ల కుదురుతది? ఇంక ఈడనే ఉండిపోత. ఉండొచ్చునా?”

గురువుగారికి నవ్వు వచ్చింది గానీ ఆపుకున్నారు. ఆ పొద్దే గూళ్ళు చీల్చుకుని బయటపడ్డ రెక్కల పురుగుల్ని చూపించి, “ఇవి ఎన్ని జాతులో చూడు బిడ్డా. ఏ జాతికా జాతి వేరే గంపల పెట్టు” అన్నారు.

అమ్మమ్మ ఏ పనైనా నిష్ఠగా చేసేది. అరచేయంత పెద్దవి, పసుపు పూసినట్టున్నవి ఒక గంపలో పెట్టింది. కాస్త చిన్నవి, ఇటుకరంగువి, ఈకల్లాంటి మీసాలున్నవి ఇంకో గంపలో. అన్నిటికీ ప్రతి రెక్క మీదా అద్దంబిళ్ళలాంటి గుండ్రని మచ్చ ఉంది. దాన్ని చూసి ముచ్చటపడిందే గానీ లెక్కలోకి తీసుకోలేదు. “రెండు జాతులయ్యా” అని చెప్పి, గంపలకు మూతలు బిగించి కట్టింది.

తెల్లవారి లేచి చూస్తే ఎర్రవి మూతకేసి కొట్టుకుంటున్నాయి. రెక్కల అంచులు చిరిగిపోయాయి.

“అయ్యా, ఇవి చచ్చిపోయేటట్టున్నయి! ఆకు వెయ్యనా?”

“వాటికి తినే నోరే లేదు బిడ్డా. నాలుగు దినాల బతుకు. తాళ్ళు విప్పు.”

విప్పగానే ఎర్రవి తిన్నగా పసుపువాటి దగ్గరికే వెళ్ళాయి. ఒక్కొక్క జంటా గంప అంచు పట్టుకుని, రెక్క మీద రెక్క వాల్చి నిమ్మళించింది. అమ్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఒక్కటే జాతా! ఇది ఆడది, ఇది మగదా? నిన్ననే చెప్పొద్దా అయ్యా?”

“చెప్తే వింటుంటివా? ఇల్లిడిచి వచ్చినదానివి.”

అమ్మమ్మ లోపలికి వెళ్ళి బట్టల మూట తెచ్చుకుంది. తర్వాత, తన ఇంటికి, మంథనికి వెళ్ళే బస్సు ఎన్ని గంటలకని మెల్లగా అడిగింది.

గురువుగారు చిరిగిన రెక్కనొకదాన్ని వేలి మీదకు తీసుకున్నారు.

“రంగులు వేసినోడు దేవుడే బిడ్డా. మరి మూతలు కట్టిందెవరు?” అన్నారు.