గవరమ్మ తాలింపు

అనగనగా అన్నాను. ఊఁ కొట్టండి మరి! ఊఁ కొట్టనివాళ్ళకి నేను కథ చెప్పను.

అనగనగా ఓ ఊరు. ఆ ఊళ్ళో ఓ ఇరుకు వీధి. ఆ వీధిలో పక్కపక్క ఇళ్ళలో ఇద్దరు ఆడవాళ్ళు. ఒకావిడ గవరమ్మ. మొగుడు పోయినావిడ, గంపలో వెల్లుల్లి పెట్టుకుని ఇంటింటికీ తిరిగి అమ్ముకునేది. రెండోది నూకాలు. ముగ్గురు బిడ్డలు పురిట్లోనే పోయాక నాలుగోది దక్కింది దానికి. ఆ చంటిదాన్ని చంక దించేది కాదు. మంచిదే గానీ, ఓలమ్మో, దాని కుళ్ళుబోతుతనం చెప్పనలవి కాదు! పక్కింటి కోడి గుడ్డు పెడితే దీనికి ముద్ద దిగేది కాదు.

ఓ ఏడు ఊరిమీదకి పాడు జ్వరం వచ్చింది. ముందు తెలిసేది కాదు. ఒళ్ళు కాలిందని తెలిసేసరికి ఇల్లంతా అంటుకునేది. "ఎవరిళ్ళలో వాళ్ళుండండి, గడప దాటకండి" అని ఊరి పెద్దలు చాటింపు వేయించారు. తలుపులు పడ్డాయి.

ఆనాటినుంచీ నూకాలుకి కొత్త ఏడుపు మొదలైంది. మధ్యాహ్నం అయ్యేసరికి గవరమ్మ ఇంట్లో చుయ్యిమని తాలింపు. వెల్లుల్లి వాసన వీధంతా. ఆపైన ఓ కేక.

"వాసనొచ్చిందా?"

"వచ్చింది గవరమ్మా!" అనేవారు వీధిలోవాళ్ళు. నూకాలు మాత్రం పళ్ళు నూరుకుంటూ, "ఆఁ, వచ్చిందిలే" అనేది.

ఒకరోజు మొగుడితో అంది, "ఇవాళ పప్పు చేసుకుంది. మనకి గంజే." ఇంకోరోజు అంది, "ఇవాళ పులుసు. ఒక్కత్తికి పులుసెందుకయ్యా?" మూడోరోజు ఏడిచేసింది. "గంప మోసుకునేదానికి ఇంత వైభోగమా! పైగా అడిగి మరీ ఉడికిస్తోంది."

"ఊరుకోవే, తిననీ" అన్నాడు మొగుడు. ఊరుకుంటుందా?

ఓ మధ్యాహ్నం మళ్ళీ చుయ్యిమంది. "వాసనొచ్చిందా?" నూకాలు ముక్కు ఎగబీల్చింది. ఏమీ లేదు. దాని మొహం వెలిగిపోయింది. "అయిపోయాయి దాని దినుసులు! ఉత్త మూకుడు కాలుస్తోంది, చూశావా?"

మొగుడు వింతగా చూశాడు. "అదేంటే, ఇవాళ మరీ ఘాటుగా ఉంటేనూ! నాకు నోరూరిపోతోంది."

నూకాలు ఓ వెల్లుల్లి రెబ్బ చిదిమి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమీ లేదు. గోడ దగ్గరకి పరిగెత్తింది.

"పిన్నీ! నాకు రాలేదు!"

"బిడ్డని దించు" అంది గవరమ్మ. "మీ ఆయన చేతికియ్యి. మేకపాలు పట్టమను. నువ్వు పశువుల పాకలోకి పో, ఇప్పుడే! నా మొగుడికీ ఇలాగే ముందు ముక్కుకి వాసన పోయిందే. ఆ తర్వాతే ఒళ్ళు కాలింది."

"అందుకా రోజూ అడిగావు? ముందే చెప్పొచ్చుగా!"

"చెబితే భయానికి అందరూ వచ్చింది, వచ్చింది అని బొంకుతారు."

నూకాలు పాకలో పడి మూలిగింది. బిడ్డ ఏడుపు వినిపిస్తుంటే గుడ్డ నోట్లో కుక్కుకుంది గానీ బయటికి రాలేదు. జ్వరం వచ్చింది, ఉంది, పోయింది. చంటిదానికి ఏమీ కాలేదు. ఓ మధ్యాహ్నం పాకలోకి వెల్లుల్లి వాసన వచ్చింది. దాంతోపాటే కుళ్ళూ వచ్చింది. నూకాలు ఏడుస్తూ, నవ్వుతూ అరిచింది.

"వచ్చింది పిన్నీ! కడుపు మండిపోతోంది!"

గవరమ్మ ఎంత నవ్విందో!

ఆ కేక గుట్టు అప్పటికి వీధంతా తెలిసిపోయింది. ఆ తర్వాత ఓరోజు మధ్యాహ్నం అయింది. చుయ్యిమనలేదు. నాకు వాసన రాలేదంటే నాకూ రాలేదని వీధంతా గగ్గోలు. అందరికీ అంటుకుందని గుండెలు బాదుకున్నారు. నూకాలు వెల్లుల్లి రెబ్బ చిదిమి చూసుకుంది. గుప్పుమంది.

"మన ముక్కులు బాగానే ఉన్నాయర్రా!" అంటూ గడప దాటి పరిగెత్తింది.

గవరమ్మ పొయ్యి పక్కనే పడి ఉంది. పోయింది. జ్వరమో, ఆకలో, ఎవరికీ తెలీదు. గంపలో నాలుగు రెబ్బలు, కుండలో నీళ్ళు. ఇల్లంతా వెతికినా గుప్పెడు గింజల్లేవు. రోజూ ఆవిడ తాలింపు పెట్టింది ఆ నీళ్ళకే. అమ్మడం వచ్చు గానీ అడగడం రాదు ఆ మనిషికి.

నూకాలు కుండ ముందు కూలబడింది. "నేను కుళ్ళుకున్నది ఈ నీళ్ళకా పిన్నీ! తిన్నావా అని ఒక్కనాడూ అడగలేదే!"

అదర్రా సంగతి. ఇప్పటికీ ఆ వీధిలో తాలింపు పెట్టగానే "వాసనొచ్చిందా?" అని కేకేస్తారు. పక్కింటివాళ్ళు "వచ్చింది, కడుపు మండింది!" అనాలి. అని ఊరుకోకూడదు. "మరి నీ కుండలో మెతుకుందా?" అని అడగాలి. మూత తీసి చూపించేదాకా గోడ దగ్గరనుంచి కదలరు.